గుడ్ ఫ్రైడే ఒప్పందంలో మిగిలిపోయిన మాటలు: బెల్‌ఫాస్ట్, డబ్లిన్, లండన్ పాలకులకు బహిరంగ లేఖ

ఉత్తర ఐర్లండ్ ఫస్ట్ మినిస్టర్, డెప్యూటీ ఫస్ట్ మినిస్టర్ గార్లకు,
ఐర్లండ్, బ్రిటన్ ప్రధానమంత్రులకు,

నమస్కారం.

నేను సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్‌ని. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న వైపు పూర్వీకుడు కార్క్ ప్రాంతం నుంచి సైనికుడిగా వచ్చిన క్యాథలిక్. మా అమ్మ వైపు పూర్వీకుడు బెల్‌ఫాస్ట్ నుంచి రైలింజన్ల ఫిట్టరుగా వచ్చిన ప్రొటెస్టంట్. ఆ తర్వాతి తరాల్లో తమిళులు, తెలుగువాళ్ళు, గోవా వాళ్ళు కూడా మా ఇంట్లో కలిశారు. మా ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషు, తెలుగు. కలలొచ్చేది మాత్రం తెలుగులోనే.

మా దేశం గొడవలు నీకెందుకమ్మా అని మీరు అడగరనే అనుకుంటున్నాను. ఎందుకంటే 1998లో ఉత్తర ఐర్లండ్ హింసను ఆపడానికి కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం కోసం ఐర్లండ్ తన రాజ్యాంగాన్ని సవరించుకున్నప్పుడు, రెండో అధికరణంలో ఒక వాక్యం చేర్చింది. విదేశాల్లో ఉంటూ ఐరిష్ సంస్కృతిని, వారసత్వాన్ని పంచుకునే ఐరిష్ సంతతివారితో తమకున్న అనుబంధాన్ని ఐరిష్ జాతి ఎంతో విలువైనదిగా చూసుకుంటుందని ఆ వాక్యం సారాంశం. ఆ అనుబంధాన్ని నమ్మి రాస్తున్నాను.

ఈ లేఖలోని విషయాలను మా బంధువులం కొందరం కలిసి ఇంతకుముందే ఒక ప్రభుత్వ కార్యాలయానికి రాశాం. ‘మీ లేఖ అందింది, సంబంధిత విభాగానికి పంపాం’ అని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. మా సంగతి అటుంచండి. అక్కడ తల్లినో తండ్రినో పోగొట్టుకున్న కుటుంబాలు యాభై ఏళ్ళుగా రాస్తున్న ఉత్తరాలకే దిక్కు లేదు. అందుకే అందరికీ కనబడేలా రాయాల్సి వచ్చింది. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో రాయడం ఎందుకంటే, ఇక్కడివాళ్ళు కూడా ఇది చదవాలి. కింద అయిదో అంశం వాళ్ళ పిల్లల గురించే.

ముందుగా మా సంతోషం చెప్పుకోనివ్వండి. మార్చి 17 వస్తే సెయింట్ పాట్రిక్ పండగ మా ఇంట్లో తప్పనిసరి. ఆ రోజు పాత పాటలు పాడుకుంటాం, బంగాళదుంపల కూర వండుకుంటాం. ఐర్లండ్‌తో తెలుగు నేలకున్న సంబంధాలు పిల్లలకు చెబుతాం. అవి చాలామంది తెలుగువాళ్ళకే తెలియవు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి కట్టించిన డేనియల్ మర్ఫీ ఐర్లండ్ మనిషి. ఒకప్పటి మద్రాసు యూరోపియన్ రెజిమెంటే పేర్లు మారుతూ చివరికి రాయల్ డబ్లిన్ ఫ్యుజిలీర్స్ అయింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసి పెట్టిన మార్గరెట్ కజిన్స్ రాస్‌కామన్ జిల్లా బాయిల్‌లో పుట్టింది. ఐర్లండ్‌లో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జైలుకెళ్ళి, మన దగ్గరకొచ్చి అఖిల భారత మహిళా సభ పెట్టడానికి ముందు నిలిచిన మనిషి ఆమె. మన రాష్ట్రపతి వి.వి. గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదివారు. 1916లో బ్రిటిష్ పాలనమీద డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వం ఆయన్ని దేశం విడిచి పొమ్మంది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు నమూనా 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం.

మా పూర్వీకుల్లో ఎక్కువమంది ఇక్కడికి వచ్చింది సామ్రాజ్యం తుపాకులు మోయడానికే. ఆ సంగతి దాచుకోం. అయితే అదే సైన్యంలో ఉన్న కన్నాట్ రేంజర్స్ జవాన్లు 1920లో, ఐర్లండ్‌లో తమవాళ్ళమీద జరుగుతున్న అఘాయిత్యాలు విని జలంధర్‌లో ఆయుధాలు కింద పెట్టారు. సోలన్‌లో తిరగబడినవారికి నాయకత్వం వహించిన జేమ్స్ డేలీని ఆ నవంబరు 2న దగ్‌షాయ్‌లో కాల్చి చంపారు. ఈ కథ కూడా మా పిల్లలకు చెబుతాం.

ఇక కరువు. 1845 నుంచి బంగాళదుంప పంట కుళ్ళిపోయి దాదాపు పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకు మించి ఓడలెక్కి దేశం విడిచారు. 1841లో ఐర్లండ్ దీవి మొత్తం జనాభా 81 లక్షలు. ఇవాళ్టికీ అది ఆ సంఖ్యను చేరుకోలేదు. జనం ఆకలితో పోతుంటే ధాన్యం ఓడల్లో ఎగుమతయింది. గుంటూరు నందన కరువు కథలు, రాయలసీమ ధాత కరువు కథలు విన్న తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో లండన్‌లో కూర్చుని ఐర్లండ్ కరువు సాయాన్ని బిగబట్టిన చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా మన నెత్తిన కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ కరువులో ఐర్లండ్‌కు అందరికంటే ముందు చందాలు పోగుచేసి పంపినవాళ్ళలో కలకత్తా వాసులున్నారు.

ఇంత చెప్పింది మురిసిపోవడానికి కాదు. మా వారసత్వం సగం బెల్‌ఫాస్ట్‌లో క్యాథలిక్, ప్రొటెస్టంట్ వీధుల్ని విడదీసే గోడకు ఇవతల ఉంటే సగం అవతల ఉంది. మా ఇంట్లో కలిసిపోయిన రెండూ అక్కడ ఇంకా కలవలేదు.

బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో, బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టంట్ వర్గానికీ ఐర్లండ్‌లో కలవాలనే క్యాథలిక్ వర్గానికీ మధ్య 1960ల చివరి నుంచి 1998 దాకా సాగిన ముప్ఫై ఏళ్ళ హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా ఏ తుపాకీ పట్టని మామూలు జనం. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. మే 22న ప్రజలు ఓటేశారు: ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం సరేనన్నారు. మూడు నెలలు తిరక్కుండానే ఒమాలో బాంబు పేలి 29 మంది, ఇంకా పుట్టని కవల పిల్లలు పోయారు. అయినా జనం ఒప్పందాన్ని వదల్లేదు. దాన్ని కుదిర్చినవారికి, అంతకంటే ఎక్కువగా దాన్ని మోసిన జనానికి మా దండాలు.

కానీ తుపాకులు ఆగడంతోనే పని అయిపోయిందని మీరు అనుకున్నారు. ఒప్పందంలో రాసిన తక్కిన మాటలు కాగితం మీదే ఉండిపోయాయి. వాటి గురించే ఈ లేఖ. ఐర్లండ్ మొత్తం ఒకే దేశం కావాలా, ఉత్తరం బ్రిటన్‌తోనే ఉండాలా అన్నది అక్కడ బతికేవాళ్ళు ఓటుతో తేల్చుకోవాల్సిన విషయం. దానిమీద నేనేమీ మాట్లాడను. ఆ ఓటు ఎటు పడినా, ఎప్పుడు పడినా, కింద రాసినవి మాత్రం ముందు జరగాలి.

1. పిల్లల్ని కలిపి చదివించండి.

అన్నిటికంటే ముందు ఇది ఎందుకు పెట్టానంటే నేను టీచర్ని. మా క్లాసులో హిందూ, ముస్లిం, క్రిస్టియన్ పిల్లలు ఒకే బెంచీమీద కూర్చునేవాళ్ళు. 1990 డిసెంబరులో హైదరాబాద్‌లో గొడవలు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు ఊరంతా టెన్షన్. స్కూళ్ళు తెరిచాక అదే పిల్లలు మళ్ళీ అదే బెంచీమీదకొచ్చి కూర్చున్నారు. పెద్దవాళ్ళ మధ్య ఎంత అనుమానం ఉన్నా, పిల్లలు డబ్బాలు తెరిచి అన్నం పంచుకున్నారు. ఆ బెంచీ లేకపోతే ఏమయ్యేదో ఊహించలేను.

ఉత్తర ఐర్లండ్‌లో నూటికి తొంభైమంది పిల్లలకు ఆ బెంచీ లేదు. క్యాథలిక్ పిల్లలు ఒక స్కూలు, ప్రొటెస్టంట్ పిల్లలు ఒక స్కూలు. వాళ్ళకు పాఠాలు చెప్పే టీచర్లకు కూడా శిక్షణ కాలేజీలు చాలావరకు వేరువేరే. 1981లో కొందరు తల్లిదండ్రులు సొంతంగా పూనుకుని 28 మంది పిల్లలతో లాగన్ కాలేజీ అనే ఉమ్మడి స్కూలు మొదలుపెట్టారు. బాంబులు పేలుతున్న రోజుల్లో చేసిన పని అది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఉమ్మడి స్కూళ్ళలో చదివే పిల్లలు దాదాపు 8 శాతమే.

ఒప్పందం ఉమ్మడి చదువుని ప్రోత్సహించాలని స్పష్టంగా చెప్పింది. 2022లో దానికోసం చట్టం కూడా చేశారు. తల్లిదండ్రులు అడిగినచోట సీట్లు కల్పించడం ప్రభుత్వం బాధ్యత అన్నారు. తీరా బాంగర్‌లో ఒక పెద్ద స్కూలు మేం ఉమ్మడి స్కూలుగా మారతాం అంటే, ఓటు వేసిన తల్లిదండ్రుల్లో దాదాపు 80 శాతం అవునంటే, 2025 జనవరిలో విద్యామంత్రి ఒప్పుకోలేదు. అక్కడ ప్రొటెస్టంట్ కాని పిల్లలు తగినంతమంది చేరరని కారణం చెప్పారు. తలుపు తెరవకుండానే లోపలికి ఎవరూ రారని తేల్చడం ఏం న్యాయం?

మేం అడుగుతున్నది: తల్లిదండ్రులు మెజారిటీతో కోరుకున్న ప్రతి స్కూలుకీ అనుమతి ఇవ్వండి. పిల్లలు రావడానికి కొన్నేళ్ళు టైము ఇవ్వండి. టీచర్ల శిక్షణని కలపండి. బలవంతంగా ఏ చర్చి స్కూలునీ మూయమని మేం అనడం లేదు. చర్చి స్కూళ్ళే మా ఆంగ్లో ఇండియన్లను నిలబెట్టాయి, వాటి విలువ మాకు తెలుసు. అడిగినవాళ్ళకు లేదనొద్దు, అంతే.

2. గోడలు.

1969లో బెల్‌ఫాస్ట్‌లో రెండు వర్గాల వీధుల మధ్య కొన్నాళ్ళకోసమని సైన్యం ముళ్ళకంచె వేసింది. ఆ కంచె గోడ అయింది, గోడమీద రేకులు లేచాయి, రేకులమీద వల లేచింది. బెర్లిన్ గోడ 28 ఏళ్ళు నిలిచింది. బెల్‌ఫాస్ట్ గోడలు దానికి రెట్టింపు కాలం నిలిచే దాకా వచ్చాయి. కొన్ని 1998 తర్వాత, అంటే శాంతి వచ్చాక కట్టినవి! రాత్రయితే గేట్లు మూసేస్తారు. అవతలి వీధిలో ఉన్న మనిషిని చూడాలంటే చుట్టూ తిరిగి పోవాలి. క్లినిక్ అవతల ఉంటే అది తమది కాదనుకునే ముసలివాళ్ళున్నారు.

2013లో స్టోర్‌మాంట్ ప్రభుత్వమే, అంటే ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వమే, ఒక గడువు పెట్టింది: 2023కల్లా గోడలన్నీ తీసేస్తామని. 2023 వచ్చింది, పోయింది. కొన్ని చిన్నవి తీశారు, పెద్దవి అలాగే ఉన్నాయి. గోడ పక్కన బతికేవాళ్ళకు రేపు రాయి పడితే ఎవరు దిక్కు అన్న భయం ఉంది. ఆ భయం నిజమైంది. రాత్రికి రాత్రి పడగొట్టమని మేం అనం. వాళ్ళతో కూర్చుని ఒక్కో గోడకీ ఒక తేదీ, డబ్బు, కాపలా, కొత్త ఇళ్ళు ఏర్పాటు చేయండి. పేదల ఇళ్ళ కేటాయింపు ఇప్పటికీ చాలావరకు మతాలవారీగా విడిపోయే ఉంది. ఉమ్మడి కాలనీలను ప్రోత్సహిస్తామన్నది కూడా ఒప్పందంలోని మాటే. ఆ కాలనీల్లోకి ముందుగా చేరే కుటుంబాలను బెదిరించి వెళ్ళగొట్టే ముఠాలను అరెస్టు చేయడం మీ పని.

3. చంపినవాళ్ళెవరో చెప్పండి.

వెయ్యికి పైగా హత్యలకు ఈనాటికీ దోషులు తేలలేదు. 1974 మే 17న డబ్లిన్, మోనహన్ పట్టణాల్లో ఒకే రోజు పేలిన బాంబులకు 33 మంది బలయ్యారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. 1972 జనవరి 30న డెర్రీలో బ్రిటన్ సైనికులు జనంమీద కాల్పులు జరిపితే 13 మంది అక్కడే చనిపోయారు. చనిపోయినవాళ్ళు నిర్దోషులని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 38 ఏళ్ళు పట్టింది. ఆ కేసులో ఒక మాజీ సైనికుడిమీద విచారణ జరిగి 2025 అక్టోబరులో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్ళు ముసలితనంలో కోర్టు మెట్లు దిగి ఇంటికెళ్ళారు.

ఇది బ్రిటన్ ఒక్కదాని లెక్కే కాదు. చనిపోయినవాళ్ళలో దాదాపు 60 శాతాన్ని చంపింది ఐర్లండ్ మొత్తం ఒకే దేశం కావాలన్న ఐఆర్‌ఏ లాంటి రిపబ్లికన్ ముఠాలు. దాదాపు 30 శాతాన్ని చంపింది బ్రిటన్‌తోనే ఉండాలన్న లాయలిస్టు ముఠాలు. మిగతా వాటిలో చాలావరకు సైన్యం, పోలీసులు చేసినవి. ఐఆర్‌ఏ ఎత్తుకెళ్ళి చంపి బొందల్లో, బురదనేలల్లో పాతిపెట్టినవాళ్ళలో కొందరి ఎముకలు కూడా ఇంకా దొరకలేదు. ఎన్నిస్కిలెన్‌లో 1987లో అమరవీరులకు పూలు పెట్టడానికొచ్చిన ముసలివాళ్ళమీద బాంబు పేల్చారు. నా పూర్వీకుల్లో రెండు పక్షాలవాళ్ళూ ఉన్నారు కాబట్టి, ఎవరి పక్కనుంచి మొదలుపెట్టినా నాకు ఒకటే నొప్పి.

2023లో లండన్ ప్రభుత్వం లెగసీ చట్టం తెచ్చి, విచారణలూ సివిల్ కేసులూ ఆపేసి, సమాచారం చెప్పినవాళ్ళకు క్షమాభిక్ష పెడతానంది. ఉత్తర ఐర్లండ్‌లో ఏ పార్టీ కూడా దాన్ని ఒప్పుకోలేదు. బద్ధ శత్రువులు ఒకటైన అరుదైన సందర్భం అది. 2024లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు ఆ క్షమాభిక్ష మానవ హక్కుల ఒడంబడికకు విరుద్ధమంది. ఐర్లండ్ ప్రభుత్వం బ్రిటన్‌మీద యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్ళింది. చివరికి 2025 సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలూ కలిసి కొత్త పద్ధతి ప్రకటించాయి, అక్టోబరులో బిల్లు పెట్టారు. మంచిదే. ఇప్పుడు మా అభ్యర్థనలు:

సాక్షులు బతికుండగానే ఆ పని ముగించండి. ఏటేటా పోతున్నారు. దేశ భద్రత పేరుతో ఫైళ్ళు దాచొద్దు. డబ్లిన్ ప్రభుత్వం బ్రిటన్‌ని అడిగినంత గట్టిగా తన పోలీసు ఫైళ్ళు కూడా తెరవాలి. ఐఆర్‌ఏలో, లాయలిస్టు ముఠాల్లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు తెల్లచొక్కాలు వేసుకుని తిరుగుతున్నవాళ్ళు తమకు తెలిసింది చెప్పాలి. వాళ్ళ పక్కన సీట్లు పంచుకునే నాయకులు వాళ్ళచేత చెప్పించాలి.

ఇంకో మాట. 1998 తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ సంఖ్య ముప్ఫై ఏళ్ళ హింసలో చనిపోయినవాళ్ళ సంఖ్యను దాటింది. వాళ్ళలో కాల్పులు కళ్ళారా చూడని పిల్లలు ఎందరో ఉన్నారు. ఇళ్ళలో ఎవరూ మాట్లాడని చావుల మధ్య పెరిగిన పిల్లలు వాళ్ళు. దీనికి వైద్యం కావాలి, డాక్టర్లు కావాలి, డబ్బు కావాలి. నిజం కూడా కావాలి.

4. ప్రభుత్వాన్ని అలిగి మూసేయొద్దు.

2002 నుంచి 2007 దాకా, 2017 నుంచి 2020 దాకా, 2022 నుంచి 2024 దాకా స్టోర్‌మాంట్ మూతబడింది. కలిపి చూస్తే దాదాపు పదేళ్ళు. రెండు వర్గాల పెద్ద పార్టీలూ కలిసి ఉంటేనే అక్కడ ప్రభుత్వం నడుస్తుంది. ఒకసారి ఒక పార్టీ, ఇంకోసారి ఇంకో పార్టీ లేచి వెళ్ళిపోయింది. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. కానీ ఆస్పత్రిలో ఆపరేషన్ కోసం ఎదురుచూసే వరుసలు బ్రిటన్ మొత్తంలో అక్కడే పొడవు. మోకాలి నొప్పితో మంచం దిగలేని ముసలాయనకి మీ అలకతో పనేముంది? పెద్ద పార్టీ ఒకటి లేచిపోతే తక్కినవాళ్ళు ప్రభుత్వం నడిపేలా నిబంధన మార్చండి. 2027లో అసెంబ్లీ గడువు ముగిసేలోపు మార్చండి. ఎన్నికలయ్యాక ఎవరూ మార్చరు.

5. కొత్తగా వచ్చినవాళ్ళ ఇళ్ళు తగలబెట్టకుండా చూడండి.

మా అక్క కూతురు బెల్‌ఫాస్ట్‌లో నర్సు. మా పూర్వీకుడు బయలుదేరిన ఊరికే ఉద్యోగం కోసం వెళ్ళింది. ఐర్లండ్‌లోనూ ఉత్తర ఐర్లండ్‌లోనూ ఇవాళ ఎన్నో ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలు భారతదేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళిన నర్సుల చేతులమీదే నడుస్తున్నాయి. 2022 జనాభా లెక్కల ప్రకారం ఒక్క ఐర్లండ్‌లోనే భారత పౌరులు 45 వేలకు పైగా ఉన్నారు. డబ్లిన్ ఐటీ కంపెనీల్లో తెలుగు వినబడని ఫ్లోరు ఉండదని మావాళ్ళు చెబుతారు. అక్కడ ఉగాది చేసుకుంటారు, బతుకమ్మ ఆడతారు.

2024 ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో వలసవచ్చినవాళ్ళ దుకాణాలు తగలబెట్టారు. 2025 జూన్‌లో బాలిమీనాలో ఇళ్ళకు నిప్పు పెట్టారు. ఆ ఇళ్ళవాళ్ళకు తలదాచుకోవడానికి చోటిచ్చిన లార్న్ లీజర్ సెంటర్‌ని కూడా కాల్చారు. ఆ జూలైలో మొయిగాషెల్‌లో పడవలో కూర్చున్న శరణార్థుల బొమ్మలు చేసి మంటమీద పెట్టారు. అదే వేసవిలో డబ్లిన్‌లో భారతీయులమీద వరసగా దాడులు జరిగితే, ఒంటరిగా తిరగొద్దని మన రాయబార కార్యాలయం ఆగస్టు 1న హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఫీనిక్స్ పార్కులో జరగాల్సిన ఇండియా డే వాయిదా పడింది. అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ ఈ దాడుల్ని గట్టిగా ఖండించారు. ఆయనకు కృతజ్ఞతలు. ఉత్తర ఐర్లండ్ పోలీసుల లెక్కల్లో 2004లో నమోదు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనన్ని జాతివివక్ష ఘటనలు 2025లో రికార్డయ్యాయి.

మా అక్క కూతురు నైట్ డ్యూటీ అయ్యాక ఇప్పుడు యూనిఫాం మీద కోటు బటన్లు మెడదాకా పెట్టుకుని, ఫోన్లో ఇంటికి మాట్లాడుతూ నడుస్తుంది. ఏం జరిగినా ఎవరో ఒకరు వింటూ ఉండాలని. ఆమె రాత్రంతా మందులిచ్చి, పక్క మార్చి, చేయి పట్టుకుని కూర్చున్నది అక్కడి అమ్మమ్మలకీ తాతయ్యలకీ.

ఐరిష్ జాతికి ఇది మనసులో గుచ్చుకోవాలి. 1844లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో వలస వచ్చిన ఐరిష్ క్యాథలిక్కుల ఇళ్ళు, చర్చిలు తగలబెట్టారు. వీళ్ళు మన ఉద్యోగాలు లాక్కుంటారు, వీళ్ళ మతం వేరు, వీళ్ళు నేరాలు చేస్తారు: ఆనాడు ఐరిష్‌వాళ్ళను అన్న మాటలే ఈనాడు మా పిల్లల్ని అంటున్నారు. సెయింట్ పాట్రిక్ ఐర్లండ్‌లో పుట్టినవాడు కాదు. సముద్రపు దొంగలు బ్రిటన్ నుంచి పట్టుకొచ్చి బానిసగా అమ్మిన కుర్రాడు. బయటివాడిని పూజించే దేశం బయటివాళ్ళను తరమకూడదు.

అడుగుతున్నవి ఇవి. ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా 1997 నాటి జాతివివక్ష నిరోధక చట్టమే ఉంది, దాన్ని మార్చండి. ఐర్లండ్‌లో 2024లో ద్వేషపూరిత నేరాల చట్టం వచ్చింది, దాన్ని కేసుల్లో వాడండి. దాడి చేసింది మైనర్లు కదా అని వదిలేయకండి. వాళ్ళని జైల్లో వేయమని కాదు, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడే వ్యవస్థ పెట్టండి. ఐఆర్‌ఏ, లాయలిస్టుల్లాంటి పాత సాయుధ ముఠాలు కొత్తగా ఈ పని మీద పడ్డాయని మీ దగ్గరే సమాచారం ఉంటే బయటపెట్టండి. నర్సులకు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకు ఆస్పత్రి నుంచి ఇంటికి రవాణా ఏర్పాటు చేయండి. అన్నిటికంటే తేలికైంది ఇదే. రేపే చేయొచ్చు.

6. హక్కుల చట్టం, పౌర సభ.

ఉత్తర ఐర్లండ్‌కు ప్రత్యేకంగా ఒక హక్కుల చట్టం గురించి ఒప్పందంలో ఉంది. మానవ హక్కుల కమిషన్ 2008లోనే సలహా ఇచ్చింది. చట్టం రాలేదు. పార్టీలకు బయట ఉన్న కార్మికులు, వ్యాపారులు, చర్చిలు, స్వచ్ఛంద సంస్థలు కూర్చుని మాట్లాడుకునే సివిక్ ఫోరం 2002లో ఆగిపోయింది, మళ్ళీ మొదలవలేదు. రెండూ తెరవండి. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా అందులో కుర్చీ వేయండి.

7. ప్రపంచమంతా ఉన్న మా ఐరిష్ బంధువులకు.

ఇది పాలకులకు కాదు, మాలాంటివాళ్ళకు. ఐరిష్ సంతతి అని చెప్పుకునేవాళ్ళు ప్రపంచంలో దాదాపు 7 కోట్లమంది అంటారు. ఒకప్పుడు దూరంగా కూర్చుని వీరగాథలు పాడుతూ మనలో కొందరు పంపిన డాలర్లు తుపాకులయ్యాయి. వాటిలోంచి వెళ్ళిన గుండ్లు ఎవరికో తగిలాయి. ఇప్పుడు కొందరు బోస్టన్‌లో, సిడ్నీలో కూర్చుని వలసలమీద విషం నింపిన వీడియోలు పంపుతున్నారు. పచ్చచొక్కా వేసుకోవడం తేలిక. బెల్‌ఫాస్ట్‌లో ఒక ఉమ్మడి స్కూలుకు లైబ్రరీ కట్టించడానికి డబ్బు పంపండి. మీ తాతలు క్యాథలిక్కులైతే ప్రొటెస్టంట్ల చరిత్ర ఒకసారి చదవండి. ప్రొటెస్టంట్ల ఊరేగింపుల్లో మోగే లాంబెగ్ డోలు కూడా మనదే, ఐరిష్ జానపద పాటల్లో ఊదే ఇలియన్ పైప్స్ కూడా మనవే.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళి డబ్లిన్, కార్క్, బెల్‌ఫాస్ట్‌లలో ఉంటున్న పిల్లలకు: దాడి జరిగితే వీసా భయంతో మౌనంగా ఊరుకోకండి. పోలీసులకు చెప్పండి, నమోదయ్యేదాకా వదలకండి. లెక్కలో లేని దెబ్బకు ఏ మంత్రీ జవాబు చెప్పడు. మీ వీధిలో రెండు వర్గాల పండగలకూ వెళ్ళండి. ఓటు హక్కున్న చోట ఓటు వేయండి. ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికల్లో పౌరులు కానివాళ్ళు కూడా ఓటు వేయొచ్చు.

పాలకులారా, పై ఆరు అంశాల్లో మీకు సాధ్యమైనవి ఏవి, కానివి ఏవి, ఎందుకు కావు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. నాకు కాదు, అక్కడి జనానికి చెప్పండి, తేదీలతో సహా. వచ్చే సెయింట్ పాట్రిక్ పండగలోపు ఆ జవాబు బయటికి రాకపోతే, సికింద్రాబాద్‌లో, గుంతకల్లులో, చెన్నైలో, బెంగళూరులో ఉన్న ఐరిష్ సంతతి కుటుంబాల సంతకాలు సేకరించి ఢిల్లీలోని మీ రెండు రాయబార కార్యాలయాలకూ మేమే తీసుకెళ్ళి ఇస్తాం.

ఇట్లు,
లాలాగూడ రైల్వే కాలనీకి చెందిన ఒక రిటైర్డ్ టీచర్,
సికింద్రాబాద్